గిర్ని ఆగిన పది నిమిషాలు

మొన్న మంగళవారం పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మా పక్క పిండి గిర్ని ఆగింది. అప్పుడు నేను ఒక ముసలాయన చెవిలోంచి గులిమి తీస్తున్నాను. చప్పుడు ఆగగానే చేతిలో పనిముట్టుతో లేచి నిలబడ్డాను. పాత లెక్కన గిర్ని ఆగిందంటే లోపలి గదిలో ఒక పసిబిడ్డ నిద్రపోయి ఉండాలి. మెట్ల మీద రబ్బరు చెప్పుల చప్పుడు వినపడాలి. తలుపు సందులోంచి ఒక గొంతు "కానియ్యుండ్రి మేడం, పది నిమిషాలు" అనాలి.

"ఏమైందమ్మా, లోపట ఏమన్న ఇరికిందా?" అని ముసలాయన భయపడ్డాడు. ఏమీ లేదని చెప్పి కూర్చున్నాను. లోపలి గది ఖాళీగా ఉంది. గిర్ని పట్టా తెగిందని తర్వాత తెలిసింది. ఆ గొంతు మనిషి చనిపోయి నెల దాటింది.

మాది కరీంనగర్ పాత వీధుల్లో ఒక చిన్న చెవి ఆస్పత్రి. కింద మందుల షాపు, పైన మూడు గదులు. గోడకు గోడ ఆనుకుని పిండి గిర్ని. రెండింటికీ ఒకే స్తంభం నుంచి కరెంటు వస్తుంది. ఈ ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు గిర్ని దుమ్ము గురించి ఆలోచించాను, చప్పుడు గురించి ఆలోచించాను. దాని మోటారు గురించి ఆలోచించలేదు. ఆ సంగతి నాకు చెప్పింది ఆ గొంతు మనిషే.

పరీక్షలు చేసే ఉద్యోగానికి వచ్చిన మొదటి రోజు ఆయన జేబులోంచి చిన్న ట్రాన్సిస్టర్ తీసి, స్టేషనేదీ లేనిచోట ముల్లు పెట్టి, చెవికి ఆనించుకుని గోడల వెంట నడవడం మొదలుపెట్టారు. యాభై దాటిన మనిషి. మోచేతుల దాకా మడిచిన తెల్ల చొక్కా. క్రికెట్ వింటున్నారనుకున్నాను.

"ఎవరు ఆడుతున్నారు?" అని అడిగాను.

"కరెంటు ఆడుతుంది మేడం."

గిర్ని వైపు గోడ దగ్గరికి వచ్చేసరికి ట్రాన్సిస్టర్ గుర్రుమంది. ఆయన దాన్ని నా చెవి దగ్గర పెట్టారు. "మిషన్ ఈడ పెట్టద్దు. మంచం గూడ ఈడ వెయ్యద్దు. కరెంటుకు సిగ్గు లేదు, పిలువకున్నా వస్తది."

ఆ రోజే మంచాన్నీ మిషన్‌నూ ఎదురు గోడకు జరిపించారు. ట్యూబులైటు తీయించి మామూలు బల్బు పెట్టించారు. ఇంటి వెనక ఎర్తింగ్ గుంత ఎక్కడుందో వెతికి అందులో రెండు బకెట్ల నీళ్లు పోశారు. ఎండాకాలమంతా రోజూ పోసేవారు. మట్టి తడిగా ఉంటేనే రొద నేలలోకి దిగుతుందనేవారు. అంతకుముందు ఒక క్రైస్తవ మిషనరీ ఆస్పత్రిలో చాలా ఏళ్లు ఎలక్ట్రిషన్‌గా పనిచేశారు. పెద్దపల్లి దగ్గర ఊరు. ఆదివారం మెథడిస్టు చర్చిలో హార్మోనియం వాయించేవారు. కరెంటు ఏ శ్రుతిలో మూలుగుతుందో నోటితో పాడి చూపించేవారు. "ఎప్పుడు ఒకటే పాట పాడతది. అందుకే పట్టుకోవచ్చు" అనేవారు.

పసిపిల్లలు విన్నారో లేదో నోటితో చెప్పలేరు. వాళ్లకు చేసే పరీక్షను బేరా అంటారు. నుదుటి మీద, రెండు చెవుల వెనక తీగలు అంటించి, చెవిలో టిక్కుటిక్కుమనే చప్పుడు వినిపిస్తాం. చెవి ఆ చప్పుడును మెదడుకు పంపిస్తే, తీగల్లోకి చిన్న విద్యుత్తు వస్తుంది. అది ఓల్టులో పదిలక్షల వంతు కూడా ఉండదు. గోడల్లో పారే కరెంటు రెండు వందల ముప్పై ఓల్టులు. అందుకని ఒకటి రెండు వేల టిక్కులు వినిపించి మిషన్ సగటు తీస్తుంది. పొంతన లేని రొద సగటులో కొట్టుకుపోతుంది. చెవి చెప్పిన మాట మిగిలి కాగితం మీద అలగా లేస్తుంది.

ఇదంతా నేను చదువుకున్నదే. ఆయన దగ్గర నేర్చుకున్నవి వేరే ఉన్నాయి.

సెకనుకు ఎన్ని టిక్కులన్నది మనం పెట్టుకోవాలి. మిషన్ ఆన్ చేయగానే పది అని వస్తుంది. ఆయన మొదట చేసే పని దాన్ని మార్చడం. పదకొండు పాయింట్ ఒకటి పెట్టేవారు. "కరెంటు సెకనుకు యాభై అడుగులేస్తది మేడం. మనం పది వేసినమనుకో, దాని అడుగుల మన అడుగు పడుతది. ఇగ అది మన ఎంబడే వస్తది, సగటుల పోదు. మనం తప్పుటడుగు వెయ్యాలె."

తీగలను విడివిడిగా వేలాడనిచ్చేవారు కాదు. మూడింటినీ జడలా అల్లి, చివర రిబ్బన్ ముడి లాంటి ముడి వేసేవారు. విడిగా ఉన్న తీగలు చుట్టుపక్కల కరెంటును పట్టుకుంటాయి, కలిపి అల్లితే పట్టుకోవు. "నా బిడ్డకు తల్లి లేదు. పదేండ్లు నేనే జడలేసిన. తీగలు నయం, తల తిప్పయి" అని ఒకసారి అన్నారు. తన ఇంటి సంగతి ఆయన చెప్పిన కొద్ది మాటల్లో అదొకటి.

అన్నిటికంటే ముఖ్యం, ప్రతి పరీక్ష చివర చప్పుడు పూర్తిగా ఆపేసి, ఇంకొకసారి తీసేవారు. చెవిలో ఏ చప్పుడూ లేనప్పుడు గీత చదునుగా ఉండాలి. "చప్పుడు బంద్ జేసినంక గూడ గీత లేసిందనుకో, అది పోరి చెవి కాదు. కరెంటు చెవి." నాలుగైదు నిమిషాల పని. బిడ్డ లేచి ఏడుస్తున్నా, తల్లి తొందరపెడుతున్నా మానేవారు కాదు.

ఇన్ని చేసినా గిర్ని మోటారు నడుస్తుంటే లాభం లేదు. అందుకని బిడ్డ నిద్రపోగానే కిందికి దిగి గిర్నికి వెళ్లేవారు. గిర్ని మల్లయ్య మంచివాడు. చిక్కల్లా గింజల డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడ్డ ఆడవాళ్లతోనే. మా కిటికీలోంచి అన్నీ వినపడేవి.

"వచ్చిండు సూడు చప్పుడు బంద్ సారు. ఏంది సారూ, ఇయ్యాల గూడ ఆపమంటవా? మా ఇంట్ల పిండి లేక పొయ్యి ముట్టియ్యలే."

"పది నిమిషాలే అవ్వా. పసిపోరి. ఇప్పుడే కన్ను మూసింది."

"మా మనుమడు గిర్ని నడిస్తెనే పండుతడు. వానికేం పరీక్ష జేస్తవు?"

"వాని చెవులు మంచిగున్నయి తియ్యి. నా దగ్గరికి తేవద్దు."

ఆడవాళ్లు నవ్వేవారు. మల్లయ్య బటన్ ఒత్తేవాడు. పట్టా నెమ్మదించి, రాయి చివరి చుట్టు తిరిగి ఆగేది. వీధి ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యేది. ఎవరో తెలియని బిడ్డ కోసం పదిమంది ఆడవాళ్లు డబ్బాల మీద కూర్చుని, కొంగులతో విసురుకుంటూ, గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. గొంతు తగ్గించాల్సిన పని లేదు. మాటల చప్పుడు పరీక్షకు అడ్డం కాదు. ఆయన ఆ సంగతి వాళ్లకు ఎన్నడూ చెప్పలేదు. పది నిమిషాలు కాగానే ఎవరో ఒకరు కిటికీ కిందికి వచ్చి, "ఏమైంది సారూ, ఇనవడుతదా పోరికి?" అని అడిగేవారు. ఈయన కిటికీలోంచి తల ఊపితే "సల్లగుండు తల్లీ" అనేవారు. తల అడ్డంగా ఊపిన రోజు గిర్ని కొంచెం ఆలస్యంగా మళ్లీ మొదలయ్యేది.

సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు ఆదిలాబాద్ అవతలి ఒక ఊరి నుంచి భార్యాభర్తలు ఏడు నెలల ఆడపిల్లను తెచ్చారు. పత్తి రైతులు. అతని మాటలో మరాఠీ కలిసేది. పిల్ల మాటకు తిరగడం లేదని వాళ్ల అమ్మమ్మకు అనుమానం. తెల్లవారుజామునే బయలుదేరి వచ్చారు. ఒకటిన్నర బస్సుకు తిరిగి పోవాలన్నారు.

పన్నెండు దాటాక పిల్ల నిద్రపోయింది. ఆయన తీగలంటించి, అల్లి, కిందికి వెళ్లారు. ఆ రోజు గిర్ని ముందు వరస వీధి దాకా ఉంది. అందరి చేతుల్లో సత్తుపిండికి వేయించిన మక్కజొన్నలు.

"పండుగ పూట గిదేం లొల్లి సారూ? పొద్దటి నుంచి నిలవడ్డం."

"ఒక్క పది నిమిషాలవ్వా. ఆదిలాబాద్ నుంచి వచ్చిండ్రు పాపం."

"మేం గూడ ఆడనించే వచ్చినం అనుకో, మమ్ముల ముందుగాల పోనీ."

నవ్వులు, వాదన. నేను గడియారం చూశాను. బయట ఇంకో ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు. మిషన్ ముందు కూర్చుని, రొదను తగ్గించే ఫిల్టర్ బటన్ ఒత్తి, పరీక్ష మొదలుపెట్టాను.

పొద్దున ఒకసారి కరెంటు పోయి వచ్చింది. మిషన్ మళ్లీ పదికి వచ్చి కూర్చుంది. నేను చూడలేదు.

కింద వాదన ఇంకా తెగలేదు, ఇక్కడ గీతలు చక్కగా లేచాయి. పెద్ద చప్పుడుకు ఒకటి, మధ్య చప్పుడుకు ఒకటి, చిన్న చప్పుడుకు ఒకటి. నిజమైన చెవిలో చప్పుడు తగ్గే కొద్దీ అల కొంచెం ఆలస్యంగా లేస్తుంది. నా కాగితంలో మూడూ ఒకేచోట లేచాయి. చదువుకున్నదాన్ని, తెలియక కాదు. అలలు కనపడ్డాయి, నాకది చాలనిపించింది. రెండు చెవులూ బాగా వినపడుతున్నాయని రాసి సంతకం పెట్టాను. తండ్రి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. తల్లి పిల్ల నుదుటి మీది జిగురును కొంగుతో తుడుస్తోంది.

అప్పుడు గిర్ని ఆగింది.

మెట్ల మీద చెప్పులు చప్పుడయ్యాయి. ఆయన చెమటలతో లోపలికి వచ్చారు. "కానియ్యుండ్రి మేడం, పది నిమిషాలు."

"అయిపోయింది" అన్నాను.

ఆయన మిషన్ దగ్గరికి వెళ్లి గీతలు చూశారు.

"మూడు ఒక్కకాడనే లేసినయి."

"బాగున్నాయి కదా."

"గింత సాఫ్ ఉంటయా మేడం?" అని అడిగి, "చప్పుడు బంద్ జేసి ఒక్కపారి తీద్దాం. ఎట్లాగు గిర్ని ఆగింది" అన్నారు.

తండ్రి అప్పటికే సంచి భుజానికి వేసుకుని గుమ్మంలో ఉన్నాడు. "వద్దు. వాళ్లకు బస్సుంది" అన్నాను.

ఆయన మళ్లీ మిషన్ వైపు తిరిగారు. తెర మూలలో పది అన్న అంకె ఉంది. దాని మీద వేలు పెట్టి అలాగే ఉంచారు. నా వైపు చూడలేదు. ఆ వేలు నేను చూశాను.

వాళ్లు మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆయన కింది వాళ్లకు గిర్ని మళ్లీ నడపమని చెప్పలేదు. కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని తీగల జడ విప్పుతూ ఉండిపోయారు. పది నిమిషాలూ గిర్ని ఆగే ఉంది. ఆ పది నిమిషాల్లో గదిలో పరీక్ష ఏదీ జరగలేదు. కింద ఎవరో "ఇనవడుతదా సారూ?" అని అడిగారు. ఆయన కిటికీలోంచి చూశారు గాని తల ఊపలేదు.

మర్నాడు ఆ పిల్లను మళ్లీ పిలిపిద్దామా అని అడిగారు. పండుగ కానివ్వండి అన్నాను. క్రిస్మస్‌కు కేకు తెచ్చిచ్చి, బల్ల అవతల నిలబడి, "ఆదిలాబాద్ పిల్ల సంగతి మేడం" అన్నారు. వాళ్ల ఫోన్ కలవడం లేదన్నాను. నేను ఫోన్ చేయనే లేదు. ఎండాకాలంలో మూడోసారి అడిగారు. ఆ రోజు గదిలో ఇద్దరు రోగులున్నారు. వాళ్ల ముందు అడిగినందుకు నాకు కోపం వచ్చింది.

"డాక్టర్ను మీరా, నేనా?"

"మీరే మేడం" అన్నారు. వెళ్లి తీగలు అల్లుకున్నారు. నాలుగోసారి అడగలేదు.

ఆలోచించకుండా ఉండటం నాకు కష్టం కాలేదు. పిల్లకు వినపడుతూనే ఉండవచ్చు అనుకున్నాను. వినపడకపోతే వాళ్లే వస్తారు అనుకున్నాను.

వాళ్లు వచ్చారు. అప్పటికి పిల్లకు నాలుగేళ్లు నిండబోతున్నాయి. అమ్మ అన్న మాట కూడా లేదు. ఆలస్యంగా మాటలొస్తాయని చుట్టాలన్నారట. చెవులు బాగున్నాయని ఆస్పత్రిలో రాసిచ్చారు గదా అని వీళ్లు ఆగారట. చెవిటితనం మొదటి ఏడాదిలో తెలిస్తే వినికిడి మిషన్లతోనో ఆపరేషన్‌తోనో మాట నేర్పే అవకాశం ఎక్కువ. నాలుగేళ్లకు ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది.

ఆ రోజు ఆయన వెళ్లి గిర్ని ఆపించారు. పదకొండు పాయింట్ ఒకటి పెట్టారు. తీగలు అల్లారు. నేను పక్కన కూర్చుని చూస్తున్నాను. చప్పుడు ఎంత పెంచినా గీత లేవలేదు. చివర చప్పుడు ఆపేసి తీశారు. అదీ అంతే ఉంది. చప్పుడున్నా లేకున్నా ఆ పిల్లకు ఒకటే.

తండ్రి చొక్కా లోపలి జేబులోంచి ఆ కాగితం తీశాడు. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించి ఉంది. నా బల్ల మీద పరిచాడు.

"గిది మీ దగ్గర ఇచ్చిందే గద? గప్పుడు ఇనవడుతదని రాసిండ్రు. గిప్పుడు ఇనవడది అంటున్నరు. ఏది నిజం?"

నా చేతిలో కలం ఉంది. కాగితం కింద సంతకం నాది. అతనికి ఆ సంతకం చదవడం రాదు, ఆ రోజు మిషన్ ముందు ఎవరు కూర్చున్నారో కూడా గుర్తున్నట్టు లేదు.

"ఆ రోజు తీగలు వెట్టింది నేను" అన్నారు ఆయన, నా పక్క నుంచి. "తప్పు నాది. తొందరల సరిగ్గ తియ్యలే."

తండ్రి ఆయన వైపు తిరిగాడు. "నీ అసొంటోని నమ్ముకోని గంత దూరం నుంచి వస్తిమి. నా పిల్ల నోరు తీసుకుంటివి గదయ్యా." కొట్టలేదు. కొట్టినా ఆయన కదిలేవారు కాదనుకుంటాను. తల వంచుకుని నిలబడ్డారు. తల్లి ఏడుస్తుంటే పిల్ల ఆమె మొహంలోకి చూస్తూ ఆమె పెదవులు పట్టుకుంటోంది.

నేను నోరు తెరిచాను. మాట్లాడింది వినికిడి మిషన్ గురించి, కరీంనగర్‌లోని బధిరుల బడి గురించి. ఆస్పత్రి పేరు పోతుందని భయం. అది తప్ప వేరే కారణం లేదు.

వాళ్లు వెళ్లాక ఆయనతో ఏదో అనబోయాను. "గిర్ని మల్ల చాలూ చెయ్యమని చెప్పి వస్త మేడం" అని ఆయన దిగిపోయారు. అప్పుడు గుర్తొచ్చింది, గిర్ని అంతసేపూ ఆగే ఉందని. తండ్రి అన్న ప్రతి మాటా వీధిలో వినపడింది.

తర్వాతి వారం ఇంకో బిడ్డ కోసం ఆయన గిర్నికి వెళ్తే ఒక ముసలామె అంది: "తప్పు రాసే పరీక్షకు గిర్ని ఎందుకాపాలె సారూ?" ఈసారి ఎవరూ నవ్వలేదు. మల్లయ్య బటన్ మీద చెయ్యి పెట్టి, ఆడవాళ్ల మొహాలు చూసి, తీసేశాడు. ఆయన పైకి వచ్చి "ఇయ్యాల కాదట మేడం" అన్నారు. నేను కిందికి వెళ్లి, ఆ తప్పు ఆయనది కాదని రెండు మాటలు చెబితే సరిపోయేది. పట్టుమని ఇరవై మెట్లు కూడా లేవు.

ఇంకో రెండుసార్లు అడిగి చూసి మానుకున్నారు. అప్పటి నుంచి పసిపిల్లలను పొద్దున ఆరింటికి, గిర్ని తెరవక ముందే రమ్మనడం మొదలుపెట్టాం. దూరం వాళ్లు ముందు రోజే వచ్చి బస్టాండులో పడుకుంటారు. ఆయన ఐదున్నరకే వచ్చి గది సిద్ధం చేసేవారు. పని మానలేదు, నా మీద కోపం చూపలేదు. ట్రాన్సిస్టర్ పట్టుకుని గోడల వెంట నడిచేవారు. నాతో మాత్రం 'కరెంటు ఆడుతుంది' లాంటి నవ్వులాట మాటలు మళ్లీ అనలేదు.

పోయిన నెల నిద్రలోనే చనిపోయారు. సమాధుల తోటలో పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే, అవతలి వరసలో ఆ తండ్రి కనిపించాడు. పక్కన పొడుగ్గా ఎదిగిన ఆడపిల్ల. బధిరుల బడిలో చదువుతోంది. మట్టి వేయడం అయ్యాక నేనే అతని దగ్గరికి వెళ్లాను.

"ఐతారం ఐతారం చర్చి కాంగనే బడికి వస్తుండె డాక్టరమ్మా" అన్నాడతను. "బిస్కెట్లు తెస్తుండె. పిల్లకు జడలేస్తుండె. సైగల మాట గూడ నేర్చుకున్నడు. నాకన్న ఆయనకే మంచిగ వస్తుండె. తప్పు జేసిండు గని, మనిషి మంచోడు."

పిల్ల నన్ను చూసి, సమాధి వైపు చూపించి, రెండు చేతుల వేళ్లనూ భుజం మీద జడ అల్లినట్టు కదిలించింది. ఆ పిల్ల భాషలో అది ఆయన పేరు.

"తప్పు ఆయనది కాదు" అన్నాను. "ఆ రోజు పరీక్ష తీసింది నేను. ఆయన వచ్చేలోపు తీశాను. మళ్లీ తీద్దామని ఆయన అడిగారు. నేనే వద్దన్నాను. ఆ తర్వాత మూడుసార్లు మిమ్మల్ని పిలిపించమన్నారు. నేనే పిలవలేదు."

అతను మట్టి అంటిన చేతులు దులుపుకున్నాడు.

"గిప్పుడు చెప్తున్నరా."

అతను సమాధి వైపు తిరిగాడు.

"ఏడెనిమిదేండ్లు వచ్చిండు నా బిడ్డ కాడికి. నేను గూడ గప్పుడప్పుడు ఆడనే ఉంటి. ఒక్కనాడు ఆయనను చాయ్ తాగుమనలే" అన్నాడు. నాతో అన్నట్టు లేదు. పిల్ల అతని చెయ్యి లాగి ఏమిటని అడిగింది. అతను సైగలతో ఏదో చెప్పాడు. నా సంగతి చెప్పాడో, చాయ్ సంగతి చెప్పాడో నాకు తెలియదు. ఆ భాష నేను నేర్చుకోలేదు. పిల్ల నన్ను ఒకసారి చూసి, మళ్లీ మట్టి వైపు తిరిగింది.

మంగళవారం ముసలాయన చెవి పని పూర్తి చేసి కిందికి దిగాను. ఇన్నేళ్లలో గిర్ని గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. మల్లయ్య కొడుకు కొత్త పట్టా ఎక్కిస్తున్నాడు. మల్లయ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఏడెనిమిది మంది ఆడవాళ్లు డబ్బాల మీద కూర్చున్నారు. ఆ తండ్రి మాటలు ఎంత నిశ్శబ్దంలో వినపడ్డాయో అంత నిశ్శబ్దం ఉంది. అందుకే వెళ్లాను. అతనికి చెప్పినవే వాళ్లకూ చెప్పాను.

కొందరికి ఆ సంగతే తెలియదు, వీధికి కొత్త. తెలిసిన వాళ్లు తల దించుకున్నారు. గిర్ని ఎందుకు ఆపాలని ఆ రోజు అడిగిన ముసలామె అక్కడే ఉంది. "ఎన్ని మాటలంటిమి సారును" అని, నా వైపు తిరిగి, "నువ్వు గప్పుడే ఒక్క మాట చెప్పకపోతివా బిడ్డా" అంది.

మల్లయ్య కుర్చీలోంచి అన్నాడు. "గిప్పుడు చెప్పి ఏం ఫాయిదా అమ్మా. వచ్చి అడిగేటోడు లేకపాయె."

పట్టా ఎక్కింది. కొడుకు బటన్ ఒత్తాడు. నేను పైకి వచ్చాను.

చప్పుడు బంద్ చేసి ఇంకోసారి తీయడం నేను ఇప్పుడు మానను. తీగలు కూడా అల్లుతాను, ఆయన అల్లినంత బాగా రాదు. ఎర్తింగ్ గుంతలో నీళ్లు నేనే పోస్తాను. పిల్లల్ని ఇప్పటికీ ఆరింటికే రమ్మంటున్నాం. ఎనిమిదింటికి గిర్ని మొదలవుతుంది. రాత్రి ఎనిమిది దాకా నడుస్తుంది. చెవి పరీక్షకని దాన్ని ఆపడం ఇప్పుడు లేదు.